షాంక్3 రిపోర్టు వచ్చింది: మేనరికం వల్లేనా?

బుజ్జిగాడి అమ్మ, చిత్తూరు | రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. పుట్టినప్పటి నుంచి ఒళ్లు మెత్తగా, వేలాడినట్టు ఉండేది. మెడ నిలపడం ఆలస్యం, నడక రెండేళ్లు దాటాక. మాట ఇప్పటికీ లేదు. ‘మగపిల్లలకు మాట ఆలస్యమే, మీ ఆయనకూ నాలుగేళ్లకే వచ్చింది’ అని అందరూ అంటే నమ్ముకుని కూర్చున్నాం. పోయిన వారం రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. షాంక్3 అనే జన్యువులో జి అనే అక్షరం ఒకటి అదనంగా చేరిందనీ, దానివల్ల చదివే వరుస తప్పిందనీ, ఇది ఫెలాన్-మెక్‌డెర్మిడ్ సిండ్రోమ్ అనీ రాశారు. డాక్టరుగారు ఓపికగానే చెప్పారు గానీ నాకు సగమే తలకెక్కింది.

నేను మా మేనమామనే చేసుకున్నాను. అంటే మా అత్తగారు స్వయానా మా అమ్మమ్మ. సంబంధం బయటికి పోకూడదని పట్టుబట్టి పెళ్లి చేసింది ఆమే. రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆమె సరిగ్గా తినడం లేదు. ‘నా ఆశ వాడి నోరు కట్టేసింది’ అని రాత్రుళ్లు గొణుక్కుంటోంది. బంధువులు ఫోను చేసి ‘మేము అప్పుడే చెప్పాం’ అంటున్నారు. వాళ్లు అప్పుడు పెళ్లికి వచ్చి సుష్టుగా భోంచేసి వెళ్లారు తప్ప ఏమీ చెప్పలేదు.

రిపోర్టు రెండో పేజీలో మా ఇద్దరి రక్తంలోనూ ఈ మార్పు కనిపించలేదని ఉంది. మరి ఇది మేనరికం వల్లేనా, కాదా? అమ్మమ్మకు చదివి వినిపించేలా తెలుగులో చెప్పగలరా?

---

పలమనేరు పాడిరైతు | రాత్రి 11:05

అమ్మా, బాధపడకండి గానీ మేనరికం వల్లే అయి ఉంటుంది. మా ఊళ్లో అలాంటి ఇళ్లు రెండు ఉన్నాయి. ఆవులకు కూడా అదే మందలోని ఆబోతుతో కట్టించరు.

---

పిల్లల వార్డు, తిరుపతి | రాత్రి 11:31

రైతుగారూ, మంచి మనసుతోనే రాశారు, కానీ ఈ బాబు విషయంలో మీరన్నది తప్పు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ మార్పు లేదని రిపోర్టులోనే ఉంది. లేని వస్తువును వారసత్వంగా ఎలా ఇస్తారు? నేను పిల్లల విభాగంలో జూనియర్ డాక్టరును, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను. వివరంగా రేపు రాస్తాను. అమ్మా, ఈ రాత్రికి అమ్మమ్మగారికి ఒక్క మాట చెప్పండి: ‘నువ్వు చేసిన పెళ్లి వల్ల వచ్చింది కాదు.’ చెప్పి రెండు ముద్దలు తినిపించండి.

---

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి | ఉదయం 5:48

అమ్మాయీ, ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మీ అమ్మమ్మగారు నాకంటే ఎంతో పెద్దావిడ అయి ఉండరు. ఆమెకు నేరుగా చెబుతున్నట్టే రాస్తాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి. జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. కాబట్టి చాలా జన్యువులకు రెండేసి ప్రతులు. షాంక్3 జన్యువు 22వ క్రోమోజోములో పొడవాటి భాగం (పొడవు చేయి అంటారు) కొసన, ఇంచుమించు అంచుమీద ఉంటుంది.

ఇక అక్షరం సంగతి. జన్యువు అంటే ప్రోటీన్ తయారీకి ఎ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాల్లో రాసి ఉన్న సూచన. జన్యువును కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మధ్యలో ఖాళీలు ఉండవు. ‘పలకకమలవనము’ అని రాసి ఉందనుకోండి. మూడేసి చొప్పున చదివితే పలక, కమల, వనము. ఇప్పుడు పలక తరువాత ఒక ‘క’ అదనంగా పడిందనుకుందాం. పలక, కకమ, లవన, ము. పోయింది ఒక్క అక్షరం కాదు, అక్కడి నుంచి చివరిదాకా అర్థమే పోయింది. షాంక్3లో జి అక్షరాలు వరుసగా బారులు తీరిన చోటు ఒకటి ఉంది. ఏడు రాయాలా ఎనిమిది రాయాలా అని నకలు రాసేవాడి చేయి తడబడే చోటు అది. అలాంటి చోట ఒక జి అదనంగా పడడం వేర్వేరు దేశాల్లో, ఒకరితో ఒకరికి ఏ బంధుత్వమూ లేని పిల్లల్లో కూడా కనిపించింది.

మేనరికంలో ఉండే అసలు భయం వేరు. ఒకే తాత దగ్గర నుంచి వచ్చిన ఒకే చెడ్డ ప్రతి తల్లిలోనూ తండ్రిలోనూ నిద్రపోతూ ఉంటుంది. రెండో ప్రతి బాగున్నందువల్ల వాళ్లకు ఏమీ కాదు. బిడ్డకు ఆ రెండూ చేరితేనే జబ్బు. మేనమామ, మేనకోడలు దంపతులైతే వాళ్ల బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల ప్రతి అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే పదహారింట ఒకటి. మీ బాబు లెక్క ఇందులోకి రాదు. వాడికి షాంక్3 ఒక ప్రతి నిక్షేపంగా ఉంది. రెండోది మాత్రమే చెడింది. ఈ జన్యువుతో వచ్చిన చిక్కల్లా ఒక ప్రతి చేసే పని మెదడుకు చాలకపోవడమే.

అయితే ఆ అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది? అండం తయారయ్యేటప్పుడో, వీర్యకణం తయారయ్యేటప్పుడో, పిండం మొదటి రోజుల్లోనో పడింది. దాదాపు 300 కోట్ల అక్షరాలను తిరిగి రాయడమంటే మాటలా! పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త అక్షర మార్పులు 60, 70 దాకా ఉంటాయి. నాలోనూ ఉన్నాయి, మీ అమ్మమ్మగారిలోనూ ఉన్నాయి, ఫోను చేసి సాధించే ఆ బంధువుల్లోనూ ఉన్నాయి. వాటిలో చాలావరకు ఏ పనీ లేని ఖాళీ చోట్ల పడడం మన అదృష్టం.

---

పలమనేరు పాడిరైతు | ఉదయం 6:20

మాస్టారూ, తప్పు ఒప్పుకుంటున్నాను. పాలు పితికి వచ్చి చదివాను. ‘లవన ము’ దగ్గర నవ్వు వచ్చింది, తరువాత బాధేసింది. అమ్మా, క్షమించండి.

ఒక సందేహం. ఒక్క జన్యువు చెడితే మాట ఎందుకు పోతుంది? నోరు, నాలుక బాగానే ఉంటాయి కదా?

---

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి | ఉదయం 7:15

మంచి ప్రశ్న. నోటిలో లోపం లేదు, మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి మాట అందించుకునే చోట ఉంది. ఆ చోటును సైనాప్స్ అంటారు. రెండు కణాల మధ్య సందు దాదాపు 20 నానోమీటర్లు. అటువైపు కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని చిమ్ముతుంది. ఇటువైపు కణం పొరలో దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. అవి గాలిలో వేలాడవు. వాటి కింద ప్రోటీన్లతో దట్టంగా కట్టిన పరంజా ఉంటుంది. పైవరుసలో పీఎస్‌డీ-95 అనే ప్రోటీన్ గ్రాహకాలను పట్టుకుంటుంది. అట్టడుగున కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ పోగులు. ఈ రెండింటినీ కలిపి బిగించే అడ్డకొయ్యే షాంక్3 జన్యువు నుంచి తయారయ్యే, అదే పేరున్న ప్రోటీన్. హోమర్ అనే మరో ప్రోటీన్ కూడా దీనికే తగులుకుని ఉంటుంది.

మేస్త్రీని అడగండి. అడ్డకొయ్యలు సగమే ఉంటే పరంజా కూలిపోదు, ఊగుతుంది. పైన నిలబడిన మనిషి పని చేస్తాడు గానీ కుదురుగా చేయలేడు. ఈ పిల్లల మెదడులో జరిగేదీ అలాంటిదే. మాట నేర్చుకోవడమంటే లక్షల సైనాప్సులు వాడకాన్ని బట్టి గట్టిపడడం, సన్నగిల్లడం. ఆ సర్దుబాటుకే అడ్డం వస్తుంది.

షాంక్ కుటుంబంలో ముగ్గురున్నారు: షాంక్1 19వ క్రోమోజోములో, షాంక్2 11లో, షాంక్3 22లో. మొదటి రెండింటికీ ఆటిజంతో (మాట, నలుగురితో కలవడం కష్టమయ్యే ఎదుగుదల సమస్య) సంబంధం కనిపించింది గానీ ఎక్కువ మాట వినిపించేది మూడోదాని గురించే. 2007లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని తోమా బూర్జెరాన్ బృందం ఆటిజం ఉన్నవారిలో షాంక్3 మార్పులను చూపించింది. ఆటిజం ఉన్న ప్రతి వందమందిలో సుమారు ఒకరికి కారణం ఇదే. తక్కినవారికి వేరే కారణాలు ఉంటాయి. అందుకని ఆటిజం అనగానే షాంక్3 అనుకోకూడదు.

---

పలమనేరు పాడిరైతు | ఉదయం 7:22

పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఇంత రాస్తే మీరే కొట్టేసి ఉండేవారు మాస్టారూ. అయినా అర్థమైంది.

---

స్వర్ణముఖి | ఉదయం 9:40

చెల్లెమ్మా, మాది శ్రీకాళహస్తి. మా పాపకు పదకొండేళ్లు. ఇదే సిండ్రోమ్, కానీ కారణం వేరు. పాపకు 22వ క్రోమోజోము రెండు కొసలూ కలిసి ఉంగరంలా చుట్టుకుపోయింది. అలా చుట్టుకునేటప్పుడు కొసన ఉన్న షాంక్3 ఊడిపోయింది. మాది మేనరికం కాదు. మా ఆయనది నెల్లూరు, నాది కాళహస్తి, ఏడు తరాలు వెతికినా చుట్టరికం దొరకదు. ఈ ముక్క అమ్మమ్మగారికి తప్పకుండా చదివి వినిపించండి.

నీకొకటి అడగాలి. మీ వాడు దెబ్బ తగిలితే ఏడుస్తాడా?

---

బుజ్జిగాడి అమ్మ, చిత్తూరు | ఉదయం 10:15

అక్కా, మీరు అడిగేసరికి ఒళ్లు జలదరించింది. ఏడవడు. పోయిన మే నెలలో అమ్మమ్మ మిద్దె మీద వడియాలు పెడుతోంది. వీడు వెనకాలే ఎక్కి, చెప్పులు లేకుండా చీర అంచు పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం పన్నెండు గంటలు. అమ్మమ్మ తడి గోనె మీద నిలబడి ఉంది, వీడు వట్టి గచ్చు మీద. పావుగంట నిలబడ్డాడు. పిండి వేళ్లకు అంటించుకుని నవ్వుతున్నాడు కూడా. రాత్రి కాళ్లు కడుగుతుంటే రెండు పాదాలకూ బొబ్బలు. ఎంత తిట్టుకున్నామో మమ్మల్ని మేము! చెమట కూడా వాడికి సరిగ్గా పట్టదు. ఎండలో మొహం కందిపోయి ఒళ్లు కాలిపోతుంది, వీపు మాత్రం పొడిగానే ఉంటుంది.

కాలి గోళ్లు కూడా ఉల్లిపొరలా పలుచగా రేగిపోతాయి. గోళ్లు తీసేది అమ్మమ్మే. ‘వీడి గోళ్లు గోళ్లలా లేవు’ అని ఏడాది పిల్లాడప్పుడే అన్నది. మేమే పట్టించుకోలేదు.

---

పిల్లల వార్డు, తిరుపతి | మధ్యాహ్నం 2:05

మీ అమ్మమ్మగారిని మా వార్డుకు పంపండి, మాకు పాఠం చెప్పగలరు. నొప్పి తెలియకపోవడం, చెమట తక్కువ పట్టడం, పలుచని కాలిగోళ్లు, పెద్దగా గుజ్జుగా ఉండే చేతులు: ఇవన్నీ ఈ సిండ్రోమ్ లక్షణాలే. బొబ్బల వెనక కూడా షాంక్3 ఉండవచ్చు. ఈ ప్రోటీన్ మెదడులోనే కాదు, చర్మం నుంచి వేడిని, నొప్పిని మోసుకొచ్చే నాడీకణాల్లోనూ ఉంటుంది. అక్కడ టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి తోడుగా పనిచేస్తుందని 2016లో ఎలుకల మీద చూపించారు. వేడినీ మిరపకారాన్నీ గుర్తించేది అదే గ్రాహకం. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అమ్మా, ఇవి గట్టిగా గుర్తుపెట్టుకోండి. నొప్పి చెప్పని పిల్లవాడిలో విరిగిన ఎముక, చీముపట్టిన చెవి, పుచ్చిన పన్ను బయటపడవు. స్నానం చేయించేటప్పుడు రోజూ అరికాలి నుంచి తలదాకా చూడండి. కారణం లేకుండా తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, అకస్మాత్తుగా చిరాకుపడినా ‘మొండితనం’ అనుకోకుండా డాక్టరుకు చూపించండి. మన ఎండల్లో మధ్యాహ్నం బయట తిప్పవద్దు. తడిగుడ్డ, నీళ్లు దగ్గర ఉండాలి. మూత్రపిండాలకు ఒకసారి అల్ట్రాసౌండ్, గుండెకు ఎకో చేయించండి. కళ్లు తేలేయడం, ఉన్నట్టుండి కొద్ది క్షణాలు శిలలా ఉండిపోవడం కనిపిస్తే ఫోనులో వీడియో తీసి నాడీవైద్యులకు చూపించండి. ఈ పిల్లల్లో మూర్ఛలు తరచుగా వస్తాయి, అన్నీ కాళ్లూచేతులూ కొట్టుకునే రకంగా ఉండవు.

---

ఎర్రకారం దోసె | మధ్యాహ్నం 2:30

డాక్టరుగారూ, మా తమ్ముడు ఎర్రకారం దోసెలు నాలుగు తిన్నా చలించడు. వాడికీ షాంక్3 పరీక్ష చేయించాలా?

---

పిల్లల వార్డు, తిరుపతి | మధ్యాహ్నం 2:33

అక్కర్లేదండీ. మజ్జిగ ఇవ్వండి.

---

స్వర్ణముఖి | సాయంత్రం 4:18

నా అనుభవం ఒకటి చెప్పాలి, ఇది చదివే ఇతర తల్లిదండ్రులకు పనికొస్తుంది. మా పాపకు మొదట ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లో ప్రోటీన్ల సూచనలున్న భాగాలను అక్షరాలవారీగా చదివేది) చేశారు, ఏమీ లేదన్నారు. రెండేళ్లు గాలికి పోయాయి. ఇంకొకచోట క్రోమోజోముల ఆకారం చూసే కేరియోటైప్, ఊడిపోయిన ముక్కలను వెతికే మైక్రోఅర్రే చేయిస్తే అప్పుడు ఉంగరం బయటపడింది.

ఇంతా ఎందుకు, పేరు తెలిస్తే ఏమి ఒరుగుతుంది అని మా మరిది అడిగాడు. ఒరిగింది. 22వ క్రోమోజోము ఉంగరమైన పిల్లల్లో ఎన్‌ఎఫ్2 అనే జన్యువు కూడా అక్కడే ఉన్నందువల్ల వయసు పెరిగేకొద్దీ నాడుల మీద, మెదడు పొరల మీద గడ్డలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకని మా పాపకు వినికిడి పరీక్షలూ ఎమ్‌ఆర్‌ఐ స్కానులూ గడువు ప్రకారం చేయిస్తున్నాం. కారణం తెలియకపోతే ఆ గడువు ఎవరు చెబుతారు?

---

పిల్లల వార్డు, తిరుపతి | సాయంత్రం 5:02

స్వర్ణముఖిగారు చెప్పింది నిజం. షాంక్3లో జి, సి అక్షరాలు మరీ ఎక్కువ కావడంతో ఎక్సోమ్ పరీక్ష దీన్ని సరిగా చదవలేని సందర్భాలు ఉన్నాయి. పెద్ద ముక్క ఊడిపోతే మైక్రోఅర్రే పట్టుకుంటుంది, ఉంగరాన్ని పట్టుకునేది కేరియోటైప్. ఒక పరీక్షలో ‘ఏమీ లేదు’ అంటే అసలు ఏమీ లేదని కాదు. మన వైపు వాళ్లకు వేలూరు సీఎంసీలో జన్యువైద్య విభాగం ఉంది, చిత్తూరు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. హైదరాబాదులో జన్యుపరీక్షలు చేసే కేంద్రప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది.

---

కుప్పం రాత్రిబండి | రాత్రి 8:44

మా అన్నయ్యకు 24 ఏళ్లు, ఇదే సమస్య. చిన్నప్పటి కంటే యౌవనంలో మాకు కష్టమైంది. పదహారేళ్ల వయసులో, అంతదాకా వచ్చిన నాలుగు మాటలూ పోయాయి, రాత్రంతా నిద్ర లేకుండా నడిచేవాడు, తరువాత వారాల తరబడి మంచం దిగలేదు. దెయ్యం పట్టిందన్నారు. మనోవైద్యులు మందు మార్చాక మనిషి మళ్లీ మాకు దొరికాడు. చిన్నపిల్లల తల్లిదండ్రులను భయపెట్టాలని కాదు, అప్పుడు వస్తే ఇదేమిటో తెలిసి ఉండాలని.

---

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి | రాత్రి 9:10

బాబూ, నువ్వు చెప్పింది విలువైన మాట. 2010లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న కొందరిలో కూడా షాంక్3లో కొత్త మార్పులు కనబడ్డాయి. విచిత్రం ఏమిటంటే ఈ జన్యువు తగ్గినా చిక్కే, ఎక్కువైనా చిక్కే. షాంక్3 అధికంగా ఉండేలా పెంచిన ఎలుకలు మానియా (మితిమీరిన ఉద్రేకం, కుదురులేనితనం) వచ్చినట్టు ప్రవర్తించాయి. ఉప్పు లాంటిదన్నమాట.

---

పాతపేట అంగడి | రాత్రి 9:26

మా బంధువుల అబ్బాయికి మూలకణాల వైద్యం చేయించారు, బాగా ఖర్చయింది, మార్పు ఉందంటున్నారు. జింకు సిరప్ కూడా మంచిదట. ప్రయత్నించండి.

---

పిల్లల వార్డు, తిరుపతి | రాత్రి 11:50

వద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాల మార్పిడి రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బుల్లాంటివాటికి మాత్రమే ఆమోదించిన వైద్యం. ఆటిజానికి అమ్ముతున్నవారు మీ ఆశను అమ్ముకుంటున్నారు. ఆ డబ్బుతో రెండేళ్లు మాటల శిక్షణ, ఫిజియోథెరపీ ఇప్పించవచ్చు. జింకు సంగతి: షాంక్3 ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కోవడానికి జింకు అవసరమే, ఎలుకల్లో ప్రయోగాలూ జరిగాయి. అంతమాత్రాన సీసాలు తాగించకూడదు, జింకు ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గుతుంది.

నిజంగా జరుగుతున్నవి రెండు చెబుతాను. 2014లో న్యూయార్కు మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో ఈ సిండ్రోమ్ ఉన్న తొమ్మిది మంది పిల్లలకు ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే ప్రోటీన్ ఇచ్చి చూశారు, కొన్ని ప్రవర్తనల్లో మెరుగు కనిపించింది. తొమ్మిది మందితో తేలేది తక్కువ. ఇక జన్యుచికిత్స. షాంక్3 పెద్దది, మోసుకెళ్లే వైరస్‌లో పట్టదు. అందుకని కుదించిన రూపం తయారుచేశారు, 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మనుషులపై పరీక్షించడానికి అనుమతించింది. మన చేతికి వచ్చే మందు ఇంకా కాదు.

2016లో అమెరికా ఎంఐటీలోని గ్వోపింగ్ ఫెంగ్ బృందం పెద్దయిన ఎలుకల్లో ఈ జన్యువును తిరిగి పనిచేయించింది. తోటి ఎలుకలతో కలవడం మెరుగుపడింది, ఒళ్లు గీరుకుంటూ పుండ్లు చేసుకోవడం తగ్గింది. భయం, నడకలో తడబాటు మాత్రం తగ్గలేదు. అవి తగ్గాలంటే ఎలుకలు చిన్నవిగా ఉన్నప్పుడే సరిచేయవలసి వచ్చింది. నాకు ఇందులో ఆశా కనిపిస్తుంది, తొందరా కనిపిస్తుంది.

---

మాటల బడి | ఉదయం 8:30

నేను వాక్ శిక్షకురాలిని. అమ్మా, మాట వచ్చేదాకా ఆగి కూర్చోవద్దు. బొమ్మల కార్డులు మొదలుపెట్టండి: గ్లాసు, అన్నం, మిద్దె, అమ్మమ్మ. ఫోటోలు మీ ఇంట్లోవే తీయండి. బొమ్మ చూపిస్తే మాట రాదని భయపడతారు, అలా జరగదు. నా దగ్గరికి వచ్చే ఒక పాప మొదట అడిగిన వస్తువు నీళ్లు. అప్పటిదాకా ఆ పాపకు దాహం వేస్తుందనే ఎవరికీ తెలియదు.

కాగితాల పని కూడా కానివ్వండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం, మేధోవైకల్యం రెండూ అందులోవే. ప్రభుత్వ వైద్యబోర్డు ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) తీసుకోండి. వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే మన రాష్ట్రంలో నెలకు 6,000 రూపాయల పింఛనుకు అడగవచ్చు. కేంద్రం నడిపే నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయలదాకా వైద్య బీమా ఉంది, అందులో శిక్షణ ఖర్చులకూ కొంత వస్తుంది.

---

బుజ్జిగాడి అమ్మ, చిత్తూరు | రాత్రి 7:55

అందరికీ దండాలు. మాస్టారు రాసింది నిన్న సాయంత్రం మిద్దె మీద కూర్చుని అమ్మమ్మకు చదివాను. ‘పలక కకమ’ రెండుసార్లు చదివించుకుంది. ‘అయితే ఆ క ఎవరు రాశారు?’ అని అడిగింది. ఎవరూ రాయలేదు, చేయి తడబడింది అన్నాను. ‘దేవుడి చేయా?’ అంది. నాకేమి చెప్పాలో తెలియలేదు. స్వర్ణముఖి అక్క సంగతి విన్నాక మాత్రం లేచి వెళ్లి కంచం పెట్టుకుంది.

డాక్టరుగారూ, మాకు ఇంకో బిడ్డ పుడితే?

---

పిల్లల వార్డు, తిరుపతి | రాత్రి 8:40

రక్తంలో కనబడకపోయినా తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో కొన్నింటిలో ఆ మార్పు దాగి ఉండవచ్చు. అందుకని మళ్లీ వచ్చే అవకాశం సున్నా అనరు, సుమారు వందలో ఒకటి అంటారు. ఏ అక్షరమో తెలుసు కాబట్టి గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్కతోనో, 16 వారాల తరువాత ఉమ్మనీటితోనో పరీక్షించవచ్చు. ముందుగానే జన్యువైద్యులను కలవండి.

---

బుజ్జిగాడి అమ్మ, చిత్తూరు | మరుసటి రోజు, ఉదయం 9:12

మాస్టారూ, ఇప్పుడు కొత్త తంటా వచ్చింది. మా చిన్న మామయ్యకు, మా చెల్లెలికి అనుకున్న సంబంధం రిపోర్టు వచ్చాక ఆపేశారు. ఈ పొద్దున అమ్మమ్మ స్నానం చేసి, పంచాంగం ముందు పెట్టుకుని, మా అమ్మకు ఫోను చేసింది. ‘తిరుపతి మాస్టారు మేనరికంలో దోషం లేదన్నారు, ముహూర్తం చూడు’ అంటోంది.

---

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి | ఉదయం 9:15

అయ్యో తల్లీ! నేనెక్కడ అన్నాను? బుజ్జిగాడి విషయంలో కారణం అది కాదన్నాను గానీ మేనరికమే మంచిదనలేదు. ఎనిమిదింట ఒకటి అని రాశానే, ఆ వాక్యం చదవలేదా? తలసీమియా, వినికిడి లోపం, కండరాల జబ్బులు, ఇంకా పేరు కూడా వినని జబ్బులు ఎన్నో అలాగే బయటపడతాయి.

---

బుజ్జిగాడి అమ్మ, చిత్తూరు | ఉదయం 9:21

చదివాను. ‘ఎనిమిదిలో ఏడు బాగున్నట్టే కదా’ అంటోంది.

---

పలమనేరు పాడిరైతు | ఉదయం 9:24

మాస్టారూ, ఆబోతు సంగతి చెప్పమంటారా?

---

పిల్లల వార్డు, తిరుపతి | ఉదయం 9:30

రైతుగారు కాసేపు ఆగండి. అమ్మా, ముహూర్తం పెట్టకముందే మామయ్యను, చెల్లెలిని ఇద్దరినీ జన్యువైద్యుల దగ్గరికి పంపండి. ఇద్దరూ మోస్తున్న చెడ్డ ప్రతులు ఏవైనా కలుస్తున్నాయా అని చూసే పరీక్షలు ఉన్నాయి. అన్నీ దొరకవు, కొన్ని దొరుకుతాయి. ముందుగా మీ చెల్లెలికి ఈ పెళ్లి ఇష్టమేనా అని అడిగారా?

---

బుజ్జిగాడి అమ్మ, చిత్తూరు | ఉదయం 9:41

అడిగాను ఇప్పుడే. లేదట. ఆ ముక్క చెప్పడానికే భయపడుతోంది. మాస్టారూ, అమ్మమ్మ మీ మాట వింటుంది. సాయంత్రం నాలుగింటికి మిద్దె మీద ఉంటుంది, నేను పక్కనే కూర్చుని చదువుతాను. ఆ ఎనిమిదింట ఒకటి ఇంకోసారి రాసి పెట్టండి, ఈసారి కొంచెం పెద్ద అక్షరాలతో.